లాక్ దగ్గర రీడర్ కూడా రైటరే

చదవడాలు ఎక్కువ, రాయడాలు తక్కువ ఉన్న డేటాకి రీడర్-రైటర్ లాక్ పెట్టాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠాల్లో ఈ మాట ఉంటుంది. ఇంటర్వ్యూల్లో సరైన జవాబుగా చెల్లేది ఇదే. కోడ్ రివ్యూలో మామూలు మ్యూటెక్స్ కంటబడగానే "ఇక్కడ జరిగేది ఎక్కువగా చదవడమే కదా, రీడర్-రైటర్ లాక్‌కి మార్చేయండి" అని వచ్చే సలహా కూడా ఇదే. వినగానే సబబుగా తోస్తుంది కాబట్టి దీన్ని నిలదీసేవాళ్లు తక్కువ. కానీ పదుల కోర్లున్న యంత్రం మీద నడిచే కెర్నెల్‌లో, డేటాబేస్‌లో, స్టోరేజ్ సర్వర్‌లో ఈ సూత్రం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. చదవడాలకీ రాయడాలకీ ఉన్న నిష్పత్తి ఒక్కటే చూసి లాక్‌ని ఎంచుకోకూడదు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. లాక్ పట్టుకున్న రీడర్ లోపల ఎంతసేపు ఉంటుంది? తాను లోపల ఉన్న సంగతిని అది ఎక్కడ రాసిపెడుతుంది? రెండో ప్రశ్న అడిగామంటే అసలు విషయం బయటపడుతుంది. మనం రోజూ వాడే రీడర్-రైటర్ లాకుల్లో చాలావాటి దగ్గర ప్రతి రీడరూ ఒక రైటరే. డేటాని అది ముట్టుకోకపోవచ్చు, లాక్‌ని మాత్రం మార్చకుండా లోపలికి పోలేదు.

పూర్వపక్షం

ఎదుటివాదాన్ని దాని పూర్తి బలంతో చెప్పి ఖండించడమే న్యాయం. మ్యూటెక్స్ ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే లోపలికి పంపిస్తుంది. రెండు థ్రెడ్లు ఒకే రౌటింగ్ టేబుల్‌ని చదువుతున్నాయనుకుందాం. రెండూ దేన్నీ మార్చడం లేదు కాబట్టి ఒకదానివల్ల ఇంకొకదానికి హాని లేదు. అయినా మ్యూటెక్స్ రెండోదాన్ని బయట నిలబెడుతుంది. ఆ నిరీక్షణ శుద్ధ దండగ. రీడర్లన్నిటినీ కలిసి లోపలికి పోనిచ్చి, రైటర్ వచ్చినప్పుడు మాత్రమే అందరినీ ఆపితే, నూటికి తొంభైతొమ్మిది చదవడాలే ఉన్నచోట కోర్లన్నీ పక్కపక్కనే పనిచేసుకుంటాయి. పైగా దీనివల్ల పోయేదేమీ లేదు. ఒకే రీడర్ ఉంటే మ్యూటెక్స్‌తో సమానం, ఎక్కువ ఉంటే లాభం.

ఈ వాదన అల్లికలో లోపం లేదు. లోపమంతా పైకి చెప్పకుండా వదిలేసిన ఒక ఊహలో ఉంది. లాక్ పట్టుకోవడానికీ వదలడానికీ పట్టే సమయం లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత చిన్నదన్న ఊహ అది. ఒకే ప్రాసెసర్ ఉన్న రోజుల్లో ఆ ఊహ చెల్లింది. ఒక్క చిప్‌లోనే 192 కోర్లు వచ్చే ఈ రోజుల్లో అది చెల్లదు.

1971 నాటి పరిష్కారంలో ఏముంది

రీడర్-రైటర్ సమస్యకి ఈ రూపం ఇచ్చింది పి.జె. కుర్త్వా, ఎఫ్. హేమన్స్, డేవిడ్ పార్నాస్ 1971లో ప్రచురించిన చిన్న పరిశోధనా పత్రం. అందులో వాళ్లు రెండు సమస్యలు విడగొట్టి చూపారు. మొదటిదాంట్లో రీడర్లకి ప్రాధాన్యం, రెండోదాంట్లో రైటర్లకి. రెండింటికీ సెమఫోర్లతో పరిష్కారం ఇచ్చారు. మొదటి పరిష్కారాన్ని నిదానంగా చదివిన వాళ్లకి ఒక సంగతి తడుతుంది. లోపల ఎన్ని రీడర్లున్నాయో చెప్పే లెక్క ఒకటి ఉంది. ఆ లెక్కని కాపాడడానికి ఒక మ్యూటెక్స్ ఉంది. ప్రతి రీడరూ లోపలికి పోతూ ఆ మ్యూటెక్స్ పట్టుకుని లెక్క పెంచాలి. బయటికి వస్తూ మళ్లీ పట్టుకుని తగ్గించాలి. అంటే మ్యూటెక్స్ బాధ తప్పిస్తుందని మనం నమ్మే లాక్ నడిబొడ్డున మ్యూటెక్సే ఉంది. ఒక్కో చదవడానికి దాన్ని రెండుసార్లు దాటాలి.

ఇది ఆ రచయితల తప్పు కాదు. వాళ్లు పట్టించుకున్నది ఎవరికి ప్రాధాన్యం ఇవ్వాలి, దాన్ని తప్పు లేకుండా ఎలా సాధించాలి అన్న ప్రశ్నల్ని. రీడర్ లోపల చాలాసేపు ఉంటుందనుకుంటే గుమ్మం దగ్గర రెండు క్షణాలు పోయినా నష్టం లేదు. కోర్లు పెంచినకొద్దీ వేగం పెరుగుతుందన్న హామీని ఆ పత్రానికి తర్వాతి తరాలు తగిలించాయి. మూలంలో లేని వాగ్దానాన్ని సిద్ధాంతంగా పాఠం చెప్పుకుంటున్నాం.

ఇప్పటి లాకుల్లో ఆ లోపలి మ్యూటెక్స్ పైకి కనబడదు. దాని స్థానంలో ఒక అటామిక్ కూడిక ఉంటుంది. గో భాషలోని ఆర్‌డబ్ల్యూమ్యూటెక్స్ తీసుకోండి. రీడర్ల లెక్క 32 బిట్ల పూర్ణాంకం. చదవడానికి లాక్ అడగడమంటే దానికి అటామిక్‌గా ఒకటి కలపడం, వదలడమంటే ఒకటి తీసేయడం. లైనక్స్ కెర్నెల్‌లోని ఆర్‌డబ్ల్యూలాక్ అయినా, నిద్రపోనిచ్చే ఆర్‌డబ్ల్యూసెమ్ అయినా పద్ధతి ఇదే. పేర్లు వేరు, హంగులు వేరు. మెమరీలో ఒకే ఒక్క చోట ప్రతి రీడరూ చెయ్యి పెట్టక తప్పదన్నది మాత్రం అన్నిటికీ ఉమ్మడి.

హార్డ్‌వేర్ చెప్పే నిజం

ఆ ఒక్క చోటులోనే చిక్కంతా ఉంది. ప్రాసెసర్ మెమరీని సాధారణంగా 64 బైట్ల క్యాష్ లైన్లుగా తన దగ్గర ఉంచుకుంటుంది. ఒక లైన్‌ని చదవడానికి మాత్రమే అయితే ఎన్ని కోర్లయినా తలా ఒక నకలు పెట్టుకోవచ్చు. కానీ ఏ కోరైనా దాన్ని మార్చాలంటే మిగతా నకళ్లన్నీ రద్దు కావాలి, ఆ లైన్ ఆ ఒక్క కోర్ సొంతం కావాలి. అటామిక్ కూడిక అంటే మార్చడమే. కాబట్టి 64 కోర్ల మీద 64 రీడర్లు ఒకేసారి లాక్ అడిగితే లాక్ ఉన్న క్యాష్ లైన్ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కి ప్రయాణం చేస్తూనే ఉంటుంది. గ్రంథాలయంలో వందమంది కూర్చుని చదువుకునే హాలు కట్టి, గుమ్మం దగ్గర ఒకే రిజిస్టరు, దానికి కట్టిన ఒకే పెన్ను పెట్టి, రాగానే ఒక సంతకం, పోతూ ఒక సంతకం చేయమన్నట్టు ఉంటుంది పరిస్థితి. హాలు ఎంత పెద్దదైనా వరుస కదిలేది ఆ పెన్ను వేగంతోనే.

అంకెలతో చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. కింది అంకెలు లెక్క కోసం పెట్టుకున్నవి, యంత్రాన్ని బట్టి మారతాయి, కానీ స్థాయి ఇదే. లాక్ లైన్ ఒక కోర్ నుంచి మరో కోర్‌కి చేరడానికి 50 నానోసెకన్లు పడుతుందనుకుందాం. రీడర్ లోపల చేసే పని, ఒక హ్యాష్ టేబుల్‌లో వెతుకులాట లాంటిది, 20 నానోసెకన్లు. ఒక్క కోరే నడుస్తుంటే లైన్ ఆ కోర్ సొంత క్యాష్‌లోనే ఉండిపోతుంది. ఒక్కో అటామిక్‌కి ఆరేడు నానోసెకన్లు చొప్పున రెండు, పైన 20 కలిపితే మొత్తం 32 దాకా వస్తుంది. అంటే సెకనుకి మూడు కోట్ల చదవడాలు. ఇప్పుడు 64 కోర్లు దిగాయి. లోపలి పని ఎంత సమాంతరంగా జరిగినా ప్రతి చదవడానికీ లైన్ రెండుసార్లు ప్రయాణించాలి. ఆ ప్రయాణాలు మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాలి. చదవడం ఒకటికి 100 నానోసెకన్లు. యంత్రం మొత్తానికి సెకనుకి కోటి. అరవైనాలుగు కోర్లు కలిసి చేసే పని ఒక్క కోర్ ఒంటరిగా చేసే పనిలో మూడో వంతుకి పడిపోయింది. ఒక్క రైటర్ కూడా రాకుండానే ఇంత జరిగింది. చదవడాలు నూటికి నూరు ఉన్నా ఇదే ఫలితం. నిష్పత్తిని నమ్ముకున్న సూత్రానికి ఇంతకంటే గట్టి ఖండన అక్కర్లేదు.

ఈ లెక్కనే తిరగేస్తే నిజమైన సూత్రం దొరుకుతుంది. లాక్ ఒక్కో రీడర్ మీద 100 నానోసెకన్లు ఖర్చుపెడితే, 64 రీడర్లని ఒక విడత దాటించడానికి 6.4 మైక్రోసెకన్లు కావాలి. రీడర్ లోపల ఉండే సమయం అంతకంటే బాగా ఎక్కువైతేనే లాక్ అడ్డు కాదు. అదే నాలుగు కోర్ల ల్యాప్‌టాప్ మీద 0.4 మైక్రోసెకన్లు చాలు. ఎంతోమంది ఇంజనీర్లు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. తమ యంత్రం మీద కొలిచినప్పుడు రీడర్-రైటర్ లాక్ మ్యూటెక్స్‌ని గెలిచింది. పెద్ద సర్వర్ మీద అదే కోడ్ చతికిలబడింది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. కోర్లు పెరిగాయి, అంతే.

నేను కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదిది. సోలారిస్ కెర్నెల్‌తో ఏళ్ల తరబడి పెనుగులాడిన బ్రయన్ కాంట్రిల్, జెఫ్ బాన్విక్ 2008లో రాసిన వ్యాసంలో రీడర్-రైటర్ లాకుల విషయంలో జాగ్రత్తగా ఉండమనీ, పట్టుకునే సమయం చిన్నదైతే అవి మామూలు లాక్ కంటే మెరుగేమీ కావనీ హెచ్చరించారు. లైనక్స్ కెర్నెల్ పత్రాల్లో స్పిన్‌లాకుల అధ్యాయం కూడా ఆ మాటే చెబుతుంది. లోపలి పని పొడుగైతే తప్ప మామూలు స్పిన్‌లాకే మేలనీ, రీడర్-రైటర్ స్పిన్‌లాకుల్ని తొలగించే పనిలో ఉన్నామనీ, నలుగురూ ఒప్పుకోకుండా కొత్తవి చేర్చవద్దనీ అందులో ఉంది. పెద్ద కెర్నెల్‌ని నడిపేవాళ్లు వదిలించుకుంటున్న సలహాని మనం ఇంకా తరగతి గదిలో బోధిస్తున్నాం.

"నష్టమేమీ లేదు కదా" అన్న మాట

పోనీ లాభం లేకపోయినా నష్టం లేదు కదా అంటారు. ఉంది. మ్యూటెక్స్‌కి ఒకే యజమాని ఉంటుంది. ఎదురుచూసే థ్రెడ్ ఆ యజమానిని గమనించగలదు. యజమాని ఏదో కోర్ మీద నడుస్తూ ఉంటే త్వరలోనే వదిలేస్తుంది కాబట్టి నిద్రపోకుండా కాసేపు తిరుగుతూ ఆగవచ్చు. యజమాని నిద్రలో ఉంటే తానూ నిద్రపోవచ్చు. రీడర్-రైటర్ లాక్‌ని ఇరవై రీడర్లు పట్టుకుని ఉంటే ఎవర్ని గమనించాలి?

రియల్‌టైమ్ సిస్టమ్స్‌లో ఈ లోటు ఇంకా పెద్ద ముప్పు. ప్రాధాన్యం తక్కువ ఉన్న థ్రెడ్ మ్యూటెక్స్ పట్టుకుని ఉంటే, ఎదురుచూస్తున్న థ్రెడ్ తన ప్రాధాన్యాన్ని దానికి అరువిచ్చి పని త్వరగా ముగించుకోగలదు. లాక్ పట్టుకున్న రీడర్లు చాలా ఉన్నప్పుడు రైటర్ తన ప్రాధాన్యాన్ని వాటన్నిటికీ పంచలేదు. లైనక్స్ రియల్‌టైమ్ రూపంలో ఈ పరిమితిని పత్రాల్లోనే ఒప్పుకున్నారు. ప్రాధాన్యం తక్కువ ఉన్న ఒక్క రీడర్ మధ్యలో ఆగిపోతే అత్యవసరమైన రైటర్ కూడా దాని కోసం కాచుకోవాల్సిందే.

ఇవి కాక వాడకంలో ఎదురయ్యే ఉచ్చులున్నాయి. రీడర్‌గా లోపలికి వెళ్లి, వెతికినది దొరక్క, అక్కడే రైటర్‌గా మారదామనుకునే థ్రెడ్లు రెండుంటే చాలు. రెండూ రీడ్ లాక్ వదలవు, రెండూ ఎదుటిది వదలాలని ఆగుతాయి, ఇద్దరికీ విముక్తి లేదు. ఈమధ్య వాడినవి ముందుకి జరిపే ఎల్ఆర్‌యూ క్యాష్‌కి రీడర్-రైటర్ లాక్ పెట్టడం ఇంకో పొరపాటు. పైకి అది వెతకడమే. కానీ దొరికిన ప్రతిసారీ జాబితా క్రమం మారుతుంది కాబట్టి చదవడమే రాయడం. పేరు చూసి రీడ్ లాక్ పట్టుకుంటే డేటా చెడిపోతుంది, జాగ్రత్తపడి రైట్ లాక్ పట్టుకుంటే ఖరీదైన మ్యూటెక్స్ మిగులుతుంది.

ఎవరికి ప్రాధాన్యం ఇచ్చినా చిక్కే

1971లో విడగొట్టిన రెండు సమస్యలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. రీడర్లకి ప్రాధాన్యం ఇస్తే, రీడర్ల రాక ఆగనంతకాలం రైటర్‌కి సందు దొరకదు. లైనక్స్‌లో అందరూ వాడే గ్లిబ్‌సీ లైబ్రరీలోని పీథ్రెడ్ రీడర్-రైటర్ లాక్, వేరుగా అడగకపోతే, ఈ పక్షమే తీసుకుంటుంది. రైటర్లకి ప్రాధాన్యం ఇవ్వమని చెప్పే ఐచ్ఛికం ఒకటుంది, కానీ దాన్ని గ్లిబ్‌సీ పట్టించుకోదు. ఒకే థ్రెడ్ రీడ్ లాక్‌ని రెండుసార్లు పట్టుకోదని మాట ఇచ్చే వేరే ఐచ్ఛికాన్ని ఎంచుకుంటేనే రైటర్ మాట చెల్లుతుంది.

ఆ షరతు ఎందుకో అర్థం చేసుకోవాలి. న్యాయంగా వరుస పాటించే లాక్‌లో, రైటర్ వచ్చి నిలబడితే తర్వాత వచ్చిన రీడర్లు దాని వెనకే నిలబడాలి. ఇప్పటికే లోపల ఉన్న రీడర్ తాను పిలిచిన ఇంకో ఫంక్షన్ ద్వారా అదే లాక్‌ని మళ్లీ చదవడానికి అడిగితే, అది రైటర్ వెనక నిలబడుతుంది. రైటర్ ఆ రీడర్ బయటికి రావాలని కాచుకుని ఉంటుంది. ఇక కదలిక ఉండదు. గో భాష పత్రాలు రీడ్ లాక్‌ని ఒకదానిలో ఒకటిగా పట్టుకోవద్దని నిషేధించింది ఇందుకే. లైనక్స్ 2014లో, 3.16 వెర్షన్‌లో, ఆర్‌డబ్ల్యూలాక్‌ని వరుస పాటించేలా మార్చినప్పుడు ఇదే అడ్డు వచ్చింది. ప్రాసెస్‌ల జాబితాని కాపాడే లాక్‌ని ఇంటరప్ట్‌లలో కూడా చదువుతారు. చదవడానికి ఆ లాక్ పట్టుకుని ఉన్న కోర్ మీదే ఇంటరప్ట్ రావచ్చు. అందుకని ఇంటరప్ట్‌లోంచి వచ్చే రీడర్‌కి వరుస తప్పించి పోయే మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది.

వరుస పాటించడం వల్ల వచ్చే రెండో నష్టం ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. రీడర్ ఒకటి లోపల చాలాసేపు ఉంది. ఒక రైటర్ వచ్చి నిలబడింది. ఆ క్షణం నుంచి కొత్త రీడర్లన్నీ ఆగిపోతాయి. ఏ సమాంతరత కోసం ఈ లాక్ పెట్టుకున్నామో అది ఒక్క నెమ్మది రీడర్, ఒక్క రైటర్ కలిస్తే మాయమవుతుంది. లైనక్స్‌లో ప్రతి ప్రాసెస్ చిరునామా పటాన్ని కాపాడే ఎమ్‌మ్యాప్ లాక్ కథంతా ఇదే. పేజ్ ఫాల్ట్ వచ్చిన ప్రతి థ్రెడ్ దాన్ని చదవడానికి పట్టుకునేది. మెమరీని కొత్తగా మ్యాప్ చేసే థ్రెడ్ రాయడానికి పట్టుకుంటుంది. ప్రాసెస్ వివరాలు చూసే పర్యవేక్షణ పనిముట్లు కూడా అందులోకి తొంగిచూస్తాయి. వందల థ్రెడ్లున్న ప్రోగ్రామ్‌లో ఒక మ్యాప్ పిలుపు వరుసలో నిలబడితే, తమ పనేదో తాము చేసుకుంటున్న థ్రెడ్లన్నీ పేజ్ ఫాల్ట్‌లో ఇరుక్కునేవి. ఆ లాక్‌ని ఎంత మెరుగుపెట్టినా తీరలేదు. చివరికి గూగుల్‌కి చెందిన సురెన్ బాగ్దాసర్యన్ కృషితో 2023లో 6.4 వెర్షన్‌లో చిరునామా పటంలోని ఒక్కో భాగానికి వేరే లాక్ వచ్చాక, మామూలు పేజ్ ఫాల్ట్ ఆ పెద్ద లాక్‌ని ముట్టుకోకుండా పోగలిగింది. ఊరట దొరికింది లాక్‌ని వేగంగా చేయడంలో కాదు, రీడర్లు దాని గుమ్మం తొక్కాల్సిన పని లేకుండా చేయడంలో.

ఖర్చు ఎక్కడికి పోతుంది

మల్టీప్రాసెసర్ కోసం లాక్ రూపొందించేవాళ్లు మొట్టమొదట తేల్చుకోవాల్సింది రీడర్ జాడ ఎక్కడ ఉండాలన్నదే. జాన్ మెలర్-క్రమ్మీ, మైఖేల్ స్కాట్ 1991లో వరుస పాటించే రీడర్-రైటర్ లాకుల్ని ఇచ్చారు. ఎదురుచూసే ప్రతి థ్రెడ్ తన సొంత చోటునే చూస్తూ తిరుగుతుంది కాబట్టి నిరీక్షణ వల్ల మెమరీ బస్ మీద రద్దీ పెరగదు. అది గొప్ప ముందడుగు. అయినా రీడర్ల ఉమ్మడి లెక్క మిగిలే ఉంది. మరుసటి ఏడాది విల్సన్ షే, విలియం వైల్ ఆ లెక్కనే ముక్కలు చేశారు. ఒక్కో ప్రాసెసర్‌కి ఒక్కో చిన్న లాక్. రీడర్ తన ప్రాసెసర్ లాక్‌ని పట్టుకుంటే చాలు, క్యాష్ లైన్ ఇల్లు కదలదు. రైటర్ మాత్రం అన్ని ప్రాసెసర్ల లాకుల్నీ ఒక్కొక్కటిగా పట్టుకోవాలి.

ఇక్కడ ఒక నియమం బయటపడింది, అది ఇప్పటిదాకా చెక్కుచెదరలేదు. రీడర్ దగ్గర తగ్గించిన ఖర్చు మాయం కాదు, రైటర్ ఖాతాలోకి చేరుతుంది. లైనక్స్‌లోని పర్-సీపీయూ ఆర్‌డబ్ల్యూసెమ్‌లో రీడర్ తన కోర్ లెక్కనే పెంచుతుంది, రైటర్ అన్ని కోర్లూ ఒక విరామస్థానం దాటేదాకా కాచుకోవాలి. అందుకే అది కోర్లని తగిలించడం, తొలగించడం లాంటి అరుదైన పనులకి సరిపోయింది. 2019లో డేవ్ డైస్, అలెక్స్ కోగన్ ప్రతిపాదించిన బ్రావో పద్ధతిలో రీడర్లు 4096 గళ్ల పట్టికలో ఎక్కడో ఒక గడిలో తమ జాడ రాస్తాయి, రైటర్ పట్టిక మొత్తం వెతుకుతుంది. పాత లాక్‌ని కదపకుండా పైన తొడిగే ఉపాయం కాబట్టి అది ముచ్చటైనది.

ఇంకో అడుగు ముందుకి వేస్తే రీడర్ ఏ జాడా వదలని పద్ధతులు వస్తాయి. సీక్వెన్స్ లాక్‌లో రీడర్ ఒక సంఖ్యని చూసి, డేటా చదివి, సంఖ్య మారలేదని సరిచూసుకుంటుంది. మారితే మళ్లీ చదువుతుంది. సమయం ఎంతైందో చెప్పే పిలుపు లైనక్స్‌లో అంత చౌకగా నడిచేది దీనివల్లే. ఇక ఆర్‌సీయూ (రీడ్-కాపీ-అప్‌డేట్). పాల్ మెకెన్నీ, జాక్ స్లింగ్‌వైన్ సీక్వెంట్ కంపెనీలో 1990ల్లో డైనిక్స్ కోసం మలచిన ఈ పద్ధతి 2002 అక్టోబరులో 2.5.43 వెర్షన్‌తో లైనక్స్‌లోకి వచ్చింది. ఐబీఎం తరఫున మెకెన్నీతో కలిసి ఆ పని చేసినవాళ్లలో మన దేశానికి చెందిన దీపంకర్ సర్మా ఒకరు. రైటర్ కొత్త నకలు తయారుచేసి పాయింటర్ మారుస్తుంది. పాత నకలుని అప్పటికే చదువుతున్న రీడర్లన్నీ వెళ్లిపోయాకే దాని మెమరీ వదిలేస్తుంది. మధ్యలో ఆపడానికి వీల్లేని కెర్నెల్‌లో రీడర్ వైపు లాక్ పిలుపు ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌గా కూడా మారదు. నిక్ పిగ్గిన్ 2011లో 2.6.38 వెర్షన్‌లో ఫైల్ పాత్ వెతుకులాటని ఈ దారికి మళ్లించాక, ఏ ఫైల్ తెరిచినా ఎదురయ్యే ఉమ్మడి లాకుల బరువు దిగిపోయింది.

ఆర్‌సీయూ కష్టమనీ, తప్పులు దొర్లితే పట్టుకోలేమనీ ఎదుటివాళ్లు అంటారు. నిజమే, కష్టమే. రీడర్ చూసేది కాస్త పాత డేటా కావచ్చు. రైటర్లు తమలో తాము తోసుకోకుండా వేరే లాక్ కావాలి. పాత నకళ్లు కొంతసేపు మెమరీ ఆక్రమిస్తాయి. ఇవి తట్టుకోలేని డేటాకి అది పనికిరాదు. కానీ రౌటింగ్ టేబుల్‌లో ఒక క్షణం పాత దారి కనబడితే కొంప మునగదు. ప్యాకెట్ బయల్దేరాక దారి మారే అవకాశం ఎలాగూ ఉంది. లాక్ పట్టుకుని చదివినా, వదిలిన మరుక్షణం ఆ సమాచారం పాతబడవచ్చు. చాలాచోట్ల మనం లాక్‌కి చెల్లిస్తున్న ధర మనకి అక్కర్లేని తాజాదనం కోసం. పైగా రీడర్-రైటర్ లాక్ తేలిక అన్న మాట కూడా పైన చూసిన ఉచ్చుల తర్వాత నిలబడదు. దాని తప్పులు చిన్న యంత్రం మీద కనబడకుండా, పెద్ద యంత్రం మీద, రద్దీ రోజున కనబడతాయి.

ఎక్కడ అది తగినది

అయితే ఈ లాక్‌నే బహిష్కరించమని నేను చెప్పడం లేదు. లైనక్స్‌లో ఒక డైరెక్టరీలో రెండు పేర్లు వెతకాలంటే చాలాకాలం ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సి వచ్చేది. ఆ డైరెక్టరీ వివరాలు ఉంచే ఐనోడ్‌కి ఉన్నది మ్యూటెక్స్ కావడమే కారణం. అల్ వీరో 2016లో 4.7 వెర్షన్‌లో దాన్ని రీడర్-రైటర్ సెమఫోర్‌గా మార్చి వెతుకులాటలు పక్కపక్కన జరిగేలా చేశారు. ఆ మార్పు సరైనది. ఎందుకంటే పేరు క్యాష్‌లో లేకపోతే డిస్క్ దాకా వెళ్లాలి. రీడర్ లోపల ఉండే సమయం మైక్రోసెకన్లు, ఒక్కోసారి మిల్లీసెకన్లు. అంత సమయం ముందు క్యాష్ లైన్ ప్రయాణం ఖర్చు దాదాపు సున్నా. మనం పైన కట్టిన లెక్కే ఇక్కడ రీడర్-రైటర్ లాక్‌ని సమర్థిస్తోంది. నిష్పత్తి చెప్పలేని సంగతిని సమయం చెప్పింది.

సిద్ధాంతం

కాబట్టి రీడర్-రైటర్ లాక్ పెట్టాలని ఎవరైనా అన్నప్పుడు మొదట కొలత అడగాలి. రీడర్ లోపల సగటున ఎంతసేపు ఉంటుందో, ఈ కోడ్ నడవబోయే అతి పెద్ద యంత్రం మీద లాక్ లైన్ ఒక ప్రయాణానికి ఎంత తీసుకుంటుందో కొలిచి చూడాలి. మొదటిది, కోర్ల సంఖ్యని రెండు ప్రయాణాల సమయంతో గుణించిన దానికంటే బాగా ఎక్కువైతే రీడర్-రైటర్ లాక్ పనికొస్తుంది. కాకపోతే, ముందు లోపలి పనిని తగ్గించి మ్యూటెక్స్‌తోనే సరిపెట్టుకోవచ్చా అని చూడాలి. సరిపోకపోతే డేటానే ముక్కలు చేసి ముక్కకో లాక్ పెట్టాలి. అదీ కుదరకపోతే, రైటర్ ఎంత ఆలస్యాన్ని ఓర్చుకోగలదో, రీడర్ ఎంత పాత డేటాని ఓర్చుకోగలదో తేల్చుకుని పర్-సీపీయూ లాక్, సీక్వెన్స్ లాక్, ఆర్‌సీయూ వీటిలో ఒకటి ఎంచుకోవాలి. ప్రాధాన్యం ఎవరిదో, రీడ్ లాక్‌ని ఒకదానిలో ఒకటిగా పట్టుకోవచ్చో లేదో, ఇంటరప్ట్‌లోంచి పిలవచ్చో లేదో లాక్ పక్కనే రాసిపెట్టాలి.

మన ఇంజనీరింగ్ కాలేజీల నుంచి బయటికి వచ్చే విద్యార్థుల్లో ఎందరో రేపు ఇలాంటి కోడ్ రాస్తారు. 1971 నాటి సెమఫోర్ పరిష్కారాన్ని వాళ్లకి నేర్పాల్సిందే, దాంట్లోని తర్కం అంత చక్కనిది. కానీ అదే పీరియడ్‌లో ఆ లెక్కని 64 కోర్ల మీద నడిపించి చూపాలి. థ్రెడ్లు ఒకటి నుంచి రెండు, నాలుగు, ఎనిమిది, అరవైనాలుగుకి పెంచుతూ సెకనుకి ఎన్ని చదవడాలు జరిగాయో గ్రాఫ్ గీయించాలి. చదవడాలు నూటికి నూరు ఉండగానే ఆ గీత కిందికి వంగడం కళ్లారా చూసిన విద్యార్థి, రీడర్ల నిష్పత్తి ఒక్కటే చూపించి లాక్ ఎంచుకోమనే సలహాని ఇక ఎన్నడూ ఒప్పుకోడు.